తీగెలపై వచ్చిన సరకు

బ్యాంకులు, బీమా సంస్థలు తమ లెక్కలను నడపుటకు వాడు మహాగణక యంత్రమును మెయిన్‌ఫ్రేమ్ అందురు. 1964 ఏప్రిల్ 7వ తేదీన ఐ.బి.యం. సంస్థ సిస్టం 360 అను గణక కుటుంబమును ప్రకటించెను. ఆ కుటుంబమునకై నాడు వ్రాసిన ప్రోగ్రాములలో అనేకము నేటి యంత్రములపైన గూడ నడచును. యంత్రమెంత గొప్పదైనను దానిచేత పని చేయించునది ఆపరేటింగ్ సిస్టం. సిస్టం 360కి దానిని సమకూర్చిన పనికి ఫ్రెడరిక్ బ్రూక్స్ నాయకత్వము వహించెను. 1963 నుండి 1966 వరకు అందుకు 5,000 మంది ఒక యేడు చేయునంతటి శ్రమ పట్టియుండునని ఆయన తన 1975 నాటి గ్రంథమున అంచనా వేసెను. ఒక్కరి యూహ ననుసరించి సాగిన కట్టడమున కుండు పొందికకు ఫ్రాన్సులోని రీమ్స్ చర్చి నాయన ఉదాహరణగా జూపెను. 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదకు చర్చి నీడలో పెరిగిన పిల్లలకు ఈ పోలికను వివరింప బనిలేదు.

పూర్వము ఈ సిస్టం టేపు చుట్టలపై పెట్టెలలో వచ్చెడిది. జెడ్ ఓయస్ అను పేరుగల నేటి సిస్టం ఇంటర్నెట్ ద్వారా వచ్చును.

2020 మార్చిలో దేశమంతట లాక్‌డౌన్ విధింపగా హైదరాబాదు ఉద్యోగులు పలువురు స్వస్థలములకు తరలిరి. అట్లు మెదకులోని పుట్టింటికి వచ్చిన ఇంజనీరు యువతి యొకతె కలదు. అమీరుపేటలో మెయిన్‌ఫ్రేమ్ విద్య నేర్చినది. విదేశములోని ఒక బ్యాంకునకు కొత్త సిస్టం అమర్చు భారము ఆమెపై బడెను. తండ్రి చిరకాలము బియ్యపు మిల్లులో గుమాస్తాగా నుండినవాడు.

“బిడ్డా, ఇంత సరకు ఏ లారీలో దిగును?” అని ఆయన యడిగెను.

“లారీ లేదు నాయనా. తీగెల వెంట ముక్కలు ముక్కలుగా బ్యాంకువారి యంత్రమునకే పోవును.”

“త్రోవలో తరుగు వచ్చినచో?”

మంచి ప్రశ్న! ప్రతి ముక్కతోను హ్యాష్ అను గుర్తుసంఖ్య యొకటి వచ్చును. చేరిన ముక్కనుండి యంత్రము ఆ సంఖ్యను మరల గట్టి పోల్చిచూచును. పొసగనిచో ఆ ముక్కను స్వీకరింపదు. తూకపు చీటీకంటె ఇది నమ్మదగినది; బస్తాలో బియ్యము తీసి రాళ్లు పోసినను తూకము సరిపోవచ్చును గాని, ఒక్క అక్షరము మారినను హ్యాష్ మారిపోవును.

కొత్త సిస్టంను అమర్చునది పాత సిస్టమే. కాడికి క్రొత్త కోడెను మరపుటకు ప్రక్కన ముదురెద్దును కట్టినట్లు, పాతది నడచుచునే ఖాళీ డిస్కులపై కొత్తదానిని నింపును. అంతయు ముగిసినపిమ్మట యంత్రము నాపి, ఇకమీదట ఏ డిస్కునుండి మేల్కొనవలెనో చెప్పుదురు. పాత డిస్కు చెక్కుచెదరక ప్రక్కనే యుండును.

ఆ ఆదివారము బ్యాంకువారిచ్చిన గడువు 4 గంటలు. కొత్త సిస్టం మేల్కొన్నది. ఖాతాల పని నడపు ప్రోగ్రాము మాత్రము 047 అను సంఖ్య చూపి కూలినది. ప్రత్యేకాధికారము కావలసిన పనిని అధికారము లేని ప్రోగ్రాము కోరినదని ఆ సంఖ్యకర్థము. కారణము వెదకుచుండగా గడువులో రెండు గంటలు కరిగిపోయెను. ఇంకను సమయమున్నదనియు, వెనుదిరుగవలదనియు ఫోనులో పై అధికారి పట్టుబట్టెను. తిరిగి పాత డిస్కునకు పోయి అన్నియు సరిచూచుటకే గంట పట్టును. అది దాటినచో ఉదయము జీతము తీసికొనవచ్చిన వారు వట్టి చేతులతో మరలవలసివచ్చును.

“గంట మిగిలియుండగానే మరలవలెనండి. లేనిచో మరలుటకే త్రోవ యుండదు,” అని ఆమె చెప్పెను. అవతల కొంతసేపు మాట లేదు. పిమ్మట ఆయన సరేయనెను. పాత సిస్టం వేళకు లేచినది.

కారణము మంగళవారము దొరకెను. అధికారము గల ప్రోగ్రాముల భాండారములను పేర్కొను పట్టికలో భాండారము పేరు సరిగనే యున్నది. అది యుండు డిస్కు పేరు మాత్రము పాతది. ఆరక్షరముల దిద్దుబాటు!

మరుసటి ఆదివారము పని రెండున్నర గంటలలో ముగిసెను. పాత డిస్కును వెంటనే తుడిచివేయుదమని బ్యాంకువారనగా ఆమె యొప్పుకొనలేదు; నెలాఖరు లెక్కలు ముగియువరకు దానిని అట్లే యుంచినది.