గుడ్లని చుట్టుకున్న తల్లి

రాత్రిళ్లు ఫ్లాట్‌లో నేను చూసే వీడియోల్లో, ఒక అమెరికన్ కుర్రాడు బాల్ పైథాన్ చుట్ట విప్పి దాని కింది గుడ్లు తీసుకుంటాడు. డబ్బాలో పేర్చి, ఇంక్యుబేటర్‌ని 31 డిగ్రీల మీద పెడతాడు. రెండు నెలలకి పిల్లలు. నాకూ అలా పెంచాలని ఉండేది.

వేసవిలో మాడుగుల వెళ్తే, మా జీడితోట చివర గిరినాగు గూడు పెట్టిందని నాన్న చెప్పాడు. ఆకులు పోగేసి గూడు కట్టే పాము ప్రపంచంలో అదొక్కటే. కుళ్లే ఆకుల వేడే దాని ఇంక్యుబేటర్. తల్లి వారాల తరబడి కాపలా కాసి, పిల్లలు బయటికి రాబోయే ముందు వెళ్లిపోతుంది.

"రెండు గుడ్లు తెచ్చి డబ్బాలో పెడితే?" అన్నాను, సగం నిజంగానే. 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరమని తెలిసీ.

"నీకేటి పిచ్చా? తల్లి అక్కడే ఉంది కదరా."

కూలీలు అటువైపు రామన్నారు. గూడు తగలబెట్టేద్దామని ఒకరిద్దరు అన్నారు. "తాచుల్ని తినే పామది. ఉండనీండి," అన్నాడు నాన్న. ఆ ఏడు పది చెట్ల పిక్కలు నేలమీదే పోయాయి. ఆ డబ్బు ఆయనకి చిన్నదేం కాదు.

జూలైలో ఫోన్ చేశాడు. గూట్లో ఎండిన గుడ్ల తోళ్లే ఉన్నాయట.

"ఎన్ని పిల్లలు నాన్నా?"

"లెక్కెట్టలేదురా."

ఇప్పటికీ ఆ వీడియోలు చూస్తాను. చుట్ట విప్పే దగ్గరికి రాగానే చెయ్యి ఆగిపోతోంది.