మందారానికి పట్టిన పిండినల్లి

భద్రాచలం పెరళ్లలో పూజ కోసం పెంచే మందారాన్ని ఎండాకాలంలో పట్టే పిండినల్లి, అంటే తెల్లని మైనపు పొడి కప్పుకొని లేత కొమ్మల రసం పీల్చే మెత్తని పురుగు, ఒంటరిగా ఉండటం అరుదు. అది విసర్జించే తీపి జిగురుకు ఆశపడి చీమలు దాన్ని శత్రువుల నుంచి కాపాడుతుంటాయి, ఆ జిగురు మీదే నల్లని బూజు పెరిగి ఆకుకు వెలుతురు అందనివ్వదు. కనుక చీమల బారును ఆపని వైద్యం ఎంత ఖరీదైనదైనా సగం వైద్యమే.

ముడుచుకుపోయిన చిగుళ్లను తుంచి కాల్చివేసి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కాస్త సబ్బుతో కలిపి, ఎండకు దాని గుణం త్వరగా తగ్గుతుంది కాబట్టి సాయంత్రం వేళ ఆకుల అడుగు తడిసేలా చల్లడం మేలు. 1898లో ఆస్ట్రేలియా నుంచి భారతదేశానికి తెచ్చిన క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిండినల్లిని తిని బతుకుతుంది. దాని పిల్లపురుగు కూడా తెల్లని మైనపు పోగులతో పిండినల్లిలాగే కనిపిస్తుంది కనుక, చురుకుగా నడిచే పెద్ద తెల్లపురుగును నలపకుండా విడిచిపెట్టాలి.