టోల్‌గేటు లెక్క

11 జనవరి 2025, శనివారం

రెండో శనివారం, ఎల్లుండే భోగి. పట్నమంతా ఊళ్ల బాట పట్టింది. ఎల్బీనగర్‌లో ఎక్కినప్పటి నుంచి పంతంగి టోల్‌గేటు దాకా నిలబడే వచ్చాను. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి చేసినప్పుడు ఇక గేటు దగ్గర ఆగే పనే లేదన్నారు. బండికి కొన్ని సెకన్లే, నిజమే. వేల బండ్లు ఒకేసారి వచ్చి పడితే ఆ సెకన్లన్నీ కలిసి గంటలవుతాయి. పక్క వరుసలో కార్లు: ముందు ఇద్దరు, వెనక సీట్లో బ్యాగులు. మా బస్సులో మెట్ల మీద కూడా మనుషులే. "జెర లోపలికి జరగుండ్రి" అని కండక్టరమ్మ అరుస్తూనే ఉంది.

12 జనవరి, ఆదివారం

కట్టంగూర్, మా ఊరు. పొద్దున చాయ్ తాగుతూ టోల్ లెక్క మీద అన్నతో వాదన. 2008 నాటి టోల్ నిబంధనల్లో మూల ధర కిలోమీటరుకు కారుకు 65 పైసలు, బస్సుకు 2 రూపాయల 20 పైసలు. తర్వాత ధరలు పెరుగుతూ వచ్చాయి. కారు కంటే బస్సుకు మూడింతలకు పైనే అన్న పద్ధతి మాత్రం అదే. బస్సు బరువుకు రోడ్డు ఎక్కువ అరుగుతుంది కాబట్టి ఆ లెక్క తప్పు కాదు. కానీ పంతంగిలో ఇరుకైంది జాగా. యాభై మంది ఇద్దరిద్దరుగా కార్లెక్కితే పాతిక కార్లు. అదే మంది ఒక్క బస్సులో పడతారు.

అన్న ఒప్పుకోలేదు. "పెద్ద బస్సులు మన ఊళ్లె ఆగుతయారా? ఆగితే నేను కారెందుకు కొంటుంటి?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

19 జనవరి, ఆదివారం

తిరుగు ప్రయాణం. ఇప్పుడు రద్దీ హైదరాబాద్ వైపు. సింగపూర్ గుర్తొచ్చింది. 1975లో అక్కడ పొద్దుటి పూట నగరం నడిబొడ్డుకు వచ్చే కార్లకు రుసుము పెట్టారు. బస్సుకు మాఫీ, నలుగురెక్కిన కారుకూ మాఫీ. దారి పక్కన నిలబడ్డ మనిషే కంటితో చూసి లెక్కపెట్టేవాడు. మన ఫాస్టాగ్ యంత్రం అద్దానికి అతికించిన స్టిక్కరునే చదువుతుంది. లోపల ఒక్కరున్నా ఐదుగురున్నా దానికి ఒకటే.

15 ఆగస్టు 2025, శుక్రవారం

ఇవాళ్టి నుంచి సొంత కార్లకు టోల్ వార్షిక పాస్: 3,000 రూపాయలకు ఏడాది లేదా 200 సార్లు, ఏది ముందైతే అది. అన్న ఫోన్ చేశాడు, గేటుకు 15 రూపాయలే పడుతుందని సంబరం. బస్సుకు ఆ పాస్ లేదు.

కార్ల మీద నాకు కోపం లేదు. కారు చవకవుతూ, బస్సు ఆగకుండా పోతుంటే ఎవరైనా కారే కొంటారు. వచ్చే సంక్రాంతికి పంతంగిలో ఒక వరుస బస్సులకే వదలాలి. ఆ వరుసలో వచ్చే బస్సుల్లో కొన్నయినా కట్టంగూర్‌లో ఆగాలి. వీటికి కొత్త యంత్రాలేం అక్కర్లేదు. ఆ రెండూ జరిగితే అన్నతో మళ్లీ వాదనకు కూర్చుంటాను.