అగ్నిపర్వతం పొరుగున ఉక్కపోత
అండమాన్ నేల కింద నిప్పుంది. కానీ ఇక్కడి ఇళ్లకు కావలసింది చల్లదనం

విశాఖపట్నంలో ఓడెక్కితే రెండు రోజులు దాటాక గానీ అండమాన్ నేల కనిపించదు. 2024లో శ్రీ విజయపురంగా పేరు మార్చుకున్న పోర్ట్‌బ్లెయిర్‌లో దిగగానే ముందుగా పలకరించేది ఉక్కపోత. ఆ తర్వాత తెలుగు. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష అదే మరి.

గదిలో ఏసీ వేసుకుంటే హాయిగానే ఉంటుంది. అయితే ఆ చల్లదనం వెనుక ఉన్నది ఎక్కువగా డీజిలే. ప్రధాన భూభాగం నుంచి కరెంటు తీగ రాదు కాబట్టి ఇంధనం ఓడల్లో రావాలి, జనరేటర్లు తిరగాలి. 2020లో 20 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం వచ్చినా డీజిల్ అవసరం తీరలేదు.

మరి కాళ్ల కిందున్న వేడి మాటేమిటి? దక్షిణాసియాలో క్రియాశీలంగా ఉన్న ఒకే ఒక్క అగ్నిపర్వతం ఇక్కడికి ఈశాన్యంగా దాదాపు 135 కిలోమీటర్ల దూరంలో, బారెన్ దీవిలో ఉంది. ఒకటిన్నర శతాబ్దాల నిద్ర వీడి 1991లో లావా కక్కింది. 2025 సెప్టెంబరులోనూ రగిలింది. మణుగూరు దగ్గరి పగిడేరులో వేడినీటి బోరు ఆధారంగా సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక ప్లాంటు పెట్టగలిగింది. కానీ అక్కడ వేడి ఊరి పక్కనే ఉంది. బారెన్‌లో అది నడిసముద్రంలో, మనుషులు లేని చోట ఉంది. యాత్రికులు ఓడ మీద నుంచి చూసి రావాల్సిందే. ఇక బారాటాంగ్‌లోని బురద అగ్నిపర్వతాలది పేరు గొప్పే. బుడగలు లేపేది నిప్పు కాదు, నేలలోని వాయువు.

నిజానికి ఇంటికి భూతాప వ్యవస్థ పెట్టుకోవడానికి అగ్నిపర్వతంతో పనిలేదు. అమెరికా, స్వీడన్‌లలో పెరట్లో బోరు వేసి ప్లాస్టిక్ పైపులు దించుతారు. వాటిలో నీరు తిరుగుతుంటే హీట్ పంపు శీతాకాలంలో నేల నుంచి వేడిని ఇంట్లోకి తోడుతుంది, వేసవిలో ఇంటి వేడిని నేలలోకి పంపుతుంది. కొన్ని మీటర్ల లోతున నేల ఏడాదంతా ఆ ఊరి సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉండటమే ఇందులోని కిటుకు.

అండమాన్‌లో చిక్కంతా ఆ సగటుతోనే. అది 26, 27 డిగ్రీలు. పగటి వేడి 30 చుట్టూ ఉంటుంది. నేలకూ గాలికీ తేడా అంతంతమాత్రం. పైగా నేల ఓ గాదె లాంటిది. వేసవిలో నింపిన వేడిని చలికాలంలో ఖాళీ చేయాలి. చలికాలమే లేని చోట నింపడమే తప్ప తీయడం ఉండదు. పైపుల చుట్టూ మట్టి క్రమంగా వేడెక్కుతుంది. పోనీ పంపు మానేసి నేలలోని గొట్టాల గుండా గాలినే లోపలికి తెద్దామంటే, ఉక్కకు కారణమైన తేమ పోదు. వ్యవస్థ అసలు పనిచేయదని కాదు. ఆదా కొంచెం, తవ్వకం ఖర్చు ఘనం. రోజూ వేడినీళ్లు కావలసిన హోటళ్లకైతే లెక్క మారవచ్చు.

చల్లదనం చిట్కా నికోబారీలకు ఎప్పుడో తెలుసు. స్తంభాల మీద లేపిన గుండ్రటి ఇల్లు, దళసరి పూరికప్పు, కింద నుంచి గాలి. 2004 సునామీ అలాంటి ఇళ్లను తుడిచిపెట్టింది. ఆ తర్వాత ఎన్నో కుటుంబాలు రేకుల షెడ్లలో ఉడికిపోయాయి. ఇంటి వేడిని నిర్ణయించేది కప్పేనని వారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ దీవుల్లో ఇల్లు కట్టేవారు బోరు లారీని పిలిచే ముందు తలపైకి చూడాలి. ఎండ దిగని కప్పు, వెడల్పాటి చూరు, ఎదురెదురు కిటికీలు ఉంటే ఓడలో వచ్చే డీజిల్ కొంతైనా మిగులుతుంది.