వెంటే ఉందనుకున్నాం



దసరా సెలవుల్లో పిల్లలిద్దరినీ హైదరాబాదు తీసుకెళ్లాం. ఆదివారం ఆరాధనకు గూడూరులో ఉండాలి గనుక మాకు దొరికినవి శుక్ర, శనివారాలే. మొదటి రోజు గోల్కొండ ఎక్కాం. ఆ రాజుల కాలంలో వాళ్ల ఓడరేవు మన బందరేనని చెబితే పిల్లలు నమ్మలేదు. సాయంత్రం చార్మినార్ దగ్గర ఇసక వేస్తే రాలనంత జనం. అక్కడ మాత్రం ఇద్దరి చేతులూ వదల్లేదు.

శనివారం సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లాం. అక్కడి పెద్ద గడియారంలో గంటగంటకూ ఒక చిన్న బొమ్మ మనిషి బయటికి వచ్చి గంట కొడతాడు. మధ్యాహ్నం 12 గంటలు కొట్టేటప్పుడు చూడాలని అందరితో పాటు మేమూ నిలబడ్డాం. జనం కదిలాక చూసుకుంటే ఎనిమిదేళ్ల మా చిన్నది లేదు. అమ్మ దగ్గర ఉందని ఒకరం, నాన్న దగ్గర ఉందని ఒకరం అనుకున్నాం.

మా కాళ్లలో సత్తువ పోయింది. ప్రార్థన కూడా మాటల్లో రాలేదు. గదిగదీ వెతికాం. చివరికి ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ముసుగు రెబెకా ముందు కనబడింది. ముసుగూ, దానిలోంచి కనిపించే ముఖమూ అన్నీ పాలరాయే. మొదటి సాలార్‌జంగ్ 1876లో కొని తెచ్చిన బొమ్మ అది. "నాన్నా, సండే స్కూల్లో చెప్పిన రిబ్కా ఈమేనా? ఇస్సాకును చూసి ముసుగేసుకుందే!" అంది. తాను తప్పిపోయినట్టే దానికి తెలియదు.

లూకా సువార్త 2వ అధ్యాయం ఎన్నిసార్లు బోధించామో! పస్కా పండుగకు యెరూషలేము వెళ్లి తిరిగి వస్తూ యోసేపు, మరియ ఒక రోజంతా నడిచారు. పన్నెండేళ్ల యేసు బంధువుల గుంపులో ఉన్నాడనే అనుకున్నారు. అశ్రద్ధ గలవారు కారు వాళ్లు. "ఉన్నాడులే" అనుకున్నారు, అంతే.

తిరుగు బస్సులో నిద్ర పట్టలేదు. ఇంటర్ చదివే మా పెద్దవాడు పక్క సీట్లోనే ఉన్నాడు. ప్రతి ఆదివారం ముందు వరుసలో కూర్చుంటాడు. పాస్టరు గారి అబ్బాయి గదా, ప్రభువుతోనే ఉన్నాడని మేమూ, సంఘమూ అనుకుంటున్నాం. వాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని మాట్లాడి ఎన్ని నెలలైందో లెక్కవేస్తే సిగ్గు వేసింది. ఊళ్లో వాళ్ల ఇళ్లకు వెళ్లి ప్రార్థన చేసి వస్తాం. మన ఇంట్లో బిడ్డను అడగం.

ఆదివారం రాత్రి అన్నాలయ్యాక వాడితో కూర్చున్నాం. మాకు తెలియని సంగతులు రెండు చెప్పాడు. అవి వాడివి, ఇక్కడ రాయం. ముగ్గురం మోకరించాం.

ప్రియులారా, మీ బిడ్డ ఎవరి వెంట ఉందనుకుంటున్నారు? ఈ రాత్రి ఒకసారి పేరు పెట్టి పిలిచి చూడండి. ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.