ముందు నిప్పు, తర్వాతే పెట్రోలు

బళ్ళారి ఎండల్లో పాత బుల్లెట్ స్లోలో నిలబడకపోతే చాలామంది చెయ్యి ముందుగా పోయేది కార్బొరేటర్ మీదికే. ఎయిర్ స్క్రూ చేతికి అందుతూ ఉంటుంది, తిప్పితే చప్పుడు మారుతుంది, ఏదో చేశామన్న తృప్తీ కలుగుతుంది. కానీ గాలికి చల్లబడే ఇంజన్‌లో ముందు తేలవలసింది నిప్పు సంగతి. పెట్రోలు సంగతి ఆ తర్వాత. ఈ వరుస పాటిస్తే తాతల నాటి బండి కూడా హాయిగా నడుస్తుంది. వరుస తప్పితే ఎన్ని జెట్లు మార్చినా జబ్బు అలాగే ఉంటుంది.

ఈ బండ్లతో మా ఊరి చుట్టరికం పాతది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. అంతదాకా మాకు రాజధాని మద్రాసు. ఆ మద్రాసులోనే 1955లో బుల్లెట్ కోసం ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టింది. 1961లో మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ మొదలైంది. అక్కడి బండ్లే 1973 నుంచి యెజ్డీలయ్యాయి. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. పాత రాజధాని నుంచి ఒకటి, కొత్త రాష్ట్రం నుంచి ఒకటి వచ్చి మా షెడ్లలో పక్కపక్కనే నిలబడ్డాయి. వాటి చుట్టూ తెలుగు, కన్నడ, దక్కనీ ఉర్దూ కలగలిసిన మాటలు ఇప్పటికీ వినిపిస్తాయి.

అలాంటి ఒక షెడ్డులో పెద్దాయన పని చూడటం నాకు ఇష్టం. బండి తెచ్చిన కుర్రాడు తొందరపడితే, "చల్లారనీ నాయనా, వేడి మీద ట్యాపెట్ చూస్తే తప్పు చెప్తుంది" అంటాడు. ఇంజన్ పూర్తిగా చల్లారాక మూత తీసి పుష్‌రాడ్లను రెండు వేళ్ళతో తిప్పుతాడు. అవి సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. తర్వాత నిప్పు పుట్టే క్షణాన్ని నిర్ణయించే పాయింట్లు. మాడి నల్లబడి ఉంటే సన్నని ఆకురాయితో రుద్ది, ఫీలర్ గేజ్ పెట్టి సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్యకు తెస్తాడు. ఆ తర్వాత టైమింగ్. తాళంచెవి తిప్పి ఆన్ చేసి, ఇంజన్‌ను మెల్లగా తిప్పుతూ అమ్మీటర్ ముల్లు చూస్తాడు. పాయింట్లు అతుక్కుని ఉన్నంతసేపూ ముల్లు మైనస్ వైపు వాలి ఉంటుంది. విడిపోగానే మధ్యకు వచ్చేస్తుంది. పిస్టన్ పైకొసకు చేరడానికి రవ్వంత ముందు ఆ ముల్లు కదలాలి. అమ్మీటర్ చెడిపోయిన బండికి సిగరెట్ కాగితం ముక్క చాలు. పాయింట్ల మధ్య బిగుసుకున్న కాగితం ఏ క్షణాన జారి వస్తుందో ఆ క్షణమే నిప్పు పుట్టే క్షణం.

ఇంత శ్రద్ధ ఎందుకంటే, పాయింట్లను తెరిచే ఫైబర్ మడమ క్యామ్ మీద రాసుకుని రోజూ కొంచెం అరిగిపోతూ ఉంటుంది. అది అరిగేకొద్దీ సందు తగ్గుతుంది, పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, నిప్పు వెనకబడుతుంది. ఆలస్యంగా అంటుకున్న పెట్రోలు పిస్టన్‌ను తొయ్యడానికి బదులు సైలెన్సర్ దారిలో మండుతుంది. పికప్ పడిపోతుంది, ఇంజన్ కాలిపోతుంది. బయట నలభై డిగ్రీలు దాటిన ఎండ, పైన రెక్కల మధ్య దూరే గాలి తప్ప మరో దిక్కు లేని ఇంజన్. నడిపేవాడు మిక్స్చర్ తేడా అనుకుని పెట్రోలు పెంచుతాడు. ప్లగ్గు మసిబారుతుంది, బండి మిస్ కొడుతుంది. అరిగింది ఒక చోట, తిప్పింది మరో చోట.

నిప్పు కుదిరాక కార్బొరేటర్ పని చాలా తేలిక. బండిని కొంత దూరం నడిపి వేడెక్కించాలి. ఎయిర్ స్క్రూను మెత్తగా చివరిదాకా బిగించి, ఒకటిన్నర చుట్లు వెనక్కి విప్పి, అక్కడి నుంచి అటూ ఇటూ కొద్దికొద్దిగా కదపాలి. ఇంజన్ ఎక్కడ చురుగ్గా, తడబడకుండా తిరుగుతుందో అక్కడ ఆపి, స్లో తగ్గించుకోవాలి. చివరి తీర్పు ప్లగ్గుదే. లేత గోధుమ రంగులో ఉంటే సరే, నల్లటి మసి పడితే పెట్రోలు ఎక్కువ, తెల్లగా పాలిపోతే తక్కువ. సండూరు, తోరణగల్లు వైపు తిరిగే బండ్లకు ఎర్ర దుమ్ముతో ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా ప్లగ్గు నల్లబడుతుంది. అందుకని ఫిల్టర్ పీకేసి నడిపితే ఆ ఇనుప దుమ్మే సిలిండర్‌ను గీరుతుంది.

ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారుదీ ఇదే కథ. 1938 నుంచి 2003 దాకా 2 కోట్ల 15 లక్షలకు పైగా తయారైన ఆ కారు వెనక భాగంలో గాలికి చల్లబడే నాలుగు సిలిండర్ల ఇంజన్ ఉంటుంది. ఆయిల్ కూలర్ అడ్డు రావడం వల్ల మూడో సిలిండర్‌కు గాలి సరిగా అందేది కాదు. అందుకే చాలా డిస్ట్రిబ్యూటర్లలో ఆ ఒక్క సిలిండర్‌కు నిప్పు కొన్ని డిగ్రీలు ఆలస్యంగా పడేలా క్యామ్ చెక్కారు. దానికీ ట్యాపెట్లు చల్లటి ఇంజన్ మీదే చూడాలి, 0.15 మిల్లీమీటర్లు. తర్వాత పాయింట్లు, టైమింగ్. సోలెక్స్ కార్బొరేటర్ అన్నిటికంటే ఆఖరున.

ఈ క్రమం అవసరం ఇప్పుడు మరింత పెరిగింది. బంకుల్లో వస్తున్న పెట్రోలులో 20 శాతం ఇథనాల్. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఈ మిశ్రమానికి దాదాపు 13.5 చాలు. అంటే పాత జెట్ పంపే పెట్రోలు ఇప్పుడు తక్కువవుతోంది, ఇంజన్ వేడెక్కుతోంది. మెయిన్ జెట్ ఒక నంబరు పెంచడమో, నీడిల్‌ను ఒక గాడి పైకి లేపడమో చెయ్యాల్సి వస్తుంది. పాత రబ్బరు పైపులూ మార్చుకోవాలి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి బండిని నెలల తరబడి నిలిపేటప్పుడు ఫ్లోట్ గిన్నె ఖాళీ చెయ్యాలి.

అయితే ఇప్పుడు ప్రతి జబ్బుకూ ఇథనాల్‌నే తిట్టడం అలవాటైంది. నిజంగా దాని వల్ల వచ్చిన తేడా ఎంతో తెలియాలంటే పాయింట్లు, టైమింగ్ ముందే సరిగ్గా ఉండాలి. లేకపోతే అరిగిన మడమ చేసిన తప్పు, పెట్రోలు చేసిన తప్పు కలిసిపోయి రెండూ దొరకవు. 2020లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బండ్లలో కార్బొరేటర్ దాదాపు కనుమరుగైంది. షెడ్లలో చేరే కుర్రాళ్ళకు ఈ పని నేర్చుకునే అవకాశమే తగ్గింది. పాత బండి ఇంట్లో ఉన్నవాళ్ళు దాన్ని వదిలేసి రాకుండా, మెకానిక్ పక్కన కుర్రాళ్ళను కూర్చోబెట్టి, ట్యాపెట్ నుంచి ప్లగ్గు దాకా వరుసగా చేయించాలి. జెట్ నంబర్లు పుస్తకంలో దొరుకుతాయి. ఒక్కో దశ సరిగ్గా కుదిరిందని తేల్చుకున్నాకే తర్వాతి దాని మీద చెయ్యి వెయ్యడం మాత్రం చేసేవాళ్ళ పక్కన కూర్చుంటేనే వస్తుంది.