మన కొండ చెక్కకి ఏ పరికరం కట్టించాలి?



2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా జీడి తోటల్ని ఎలా పడగొట్టిందో మనందరికీ తెలుసు. మా చెక్కలో పడిన చెట్లు కట్టెలకి పోయాయి. మోడులు, వేర్లు ఉండిపోయి చుట్టూ తుప్పలు మొలిచాయి. మళ్లీ మొక్కలు వేద్దామని ట్రాక్టరు అద్దెకి మాట్లాడితే, డ్రైవరు "రోటవేటర్ వేసేద్దాం" అన్నాడు. మా అయ్య వద్దన్నాడు.

అయ్య మాటే సరైనది. రోటవేటర్ దుక్కి అయిన నేలని మెత్తగా చేయడానికి. లావు వేరు తగిలితే బ్లేళ్లు వంగుతాయి, విరుగుతాయి. స్ప్రింగుల కల్టివేటర్ అయితే పన్ను వెనక్కి వంగి వేరుని దాటుతుంది, సన్న వేర్లని పైకి లాగుతుంది. డిస్క్ నాగలి మొండి వేరు మీద దొర్లిపోతుంది. పెద్ద మోడుకి జేసీబీయే దిక్కు, కానీ పై మట్టి కూడా లేచిపోతుంది.

పోడులో మన తాతలు మోడులు వదిలేసేవారు. ఆ వేర్లే వానకి మట్టిని పట్టి ఉంచేవి. అందుకే మేం తుప్పల్ని చేత్తో కొట్టి, కింద వాలు తక్కువున్న చోట మాత్రమే, వాలుకి అడ్డంగా కల్టివేటర్ వేయించాం. పైకి ట్రాక్టరు ఎక్కించలేదు, తిరగబడితే ప్రాణం పోతుంది. కంపని కాల్చకుండా అడ్డంగా వరసలు పేర్చాం.

2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా భూమిని అమ్మలేం, పిల్లలకే ఇవ్వగలం. మట్టి గెడ్డలో కలిసిపోతే కాగితం మీద ఎకరాలు అలాగే ఉంటాయి, పంట ఉండదు.

మీ ఊళ్లో ఏం చేశారో కింద రాయండి.